నాణెము పెట్టి వరుసలో నిలబడ్డ పిల్లలు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా ఒక మనవి. నేను ఈ దక్షిణాఫ్రికాలో పుట్టిన మూడవ తరము మనిషిని. మా తాత చెరకు తోటలలో పని చేయడానికి ఒప్పందము మీద నేటాలుకు వచ్చాడు. మా నాన్న డర్బన్‌లో మాగజీన్ బేరక్స్‌లో పెరిగాడు. నేను ఛాట్స్‌వర్త్‌లో పెరిగాను. బడిలో నేర్చుకొన్నదీ, తరువాత బడిలో నేర్పినదీ ఇంగ్లీషే. నా తెలుగు సాయంత్రపు బడి తెలుగు. వారానికి రెండు సాయంత్రాలు, ఒక చెక్క బల్ల, పదిమందికి రెండు వాచకాలు. కనుక నా మాటలలో తప్పులు దొర్లితే నవ్వండి, నేనేమీ అనుకోను. నలుగురిలో తప్పు చేసి, నలుగురూ నవ్వితే తట్టుకొని నిలబడడము గురించే ఈ రోజు మాట్లాడాలని వచ్చాను.

కార్యవర్గమువారు నన్ను మన యువతరము గురించి మాట్లాడమన్నారు. నేను ఎన్నుకొన్న విషయము వింటే మీలో కొందరు కనుబొమలు పైకెత్తుతారు. వీడియో ఆటలు. అందులోనూ ఇద్దరు బొమ్మ మనుషులు గుద్దుకొని తన్నుకొనే పోరాటపు ఆటలు. నలభై యేండ్లు పంతులమ్మగా ఉన్నదానికి ఇదేమి పోయేకాలము అనుకోకండి. చివరిదాకా వినండి.

మీలో నా వయసువారికి మా వీధి మూలనున్న టీ రూమువంటిది ఒకటి తప్పక గుర్తుంటుంది. పేరుకు టీ రూము, కాని అక్కడ టీ త్రాగినవాడిని నేను చూడలేదు. రొట్టె, పాలు, వార్తాపత్రిక, పారఫిన్, బన్నీ చౌ, పిల్లలకు తీపి బిళ్ళలు, ఇవీ అక్కడ అమ్మేవి. గ్రూప్ ఏరియాస్ చట్టము క్రింద మనవారిని బేరక్స్‌నుండి లేవదీసి ఛాట్స్‌వర్త్‌కు తెచ్చినప్పుడు ఇండ్లు వరుసలుగా కట్టి ఇచ్చారు గాని, పిల్లలు కూడుకొనే చోటు గురించి ఆలోచించినవారు తక్కువ. బేరక్స్‌లో అందరికీ ఒకటే ముంగిలి అని మా నాన్న చెప్పేవాడు. ఇక్కడ ఎవరి గుమ్మము వారిది. అందుచేత ఆ టీ రూము ముందరి సిమెంటు గచ్చే పిల్లలకు ముంగిలి అయింది.

ఆ టీ రూములో, పాల ఫ్రిజ్ ప్రక్కన, ఒక నిలువెత్తు యంత్రము ఉండేది. దానిలో నాణెము వేస్తే ఆట. తొలి రోజులలో నాణెము ఒకటి వేసి ఒక్కరే ఆడుకొనే ఆటలు. తరువాత జపాను దేశపు క్యాప్‌కామ్ కంపెనీవారు 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఆటను తెచ్చారు. అది మా టీ రూముకు వచ్చిన నెలనుండి సాయంత్రము పూట రొట్టె కొనబోతే లోపలికి దూరడానికి సందు దొరికేది కాదు.

దాని మర్మము కొంత చెబుతాను. ఒక్కొక్కరి ముందు ఒక పిడి, ఆరు మీటలు. మూడు గుద్దులకు, మూడు తన్నులకు. మెల్లని దెబ్బ, మధ్యరకము, గట్టి దెబ్బ. మెల్లనిది త్వరగా తగులుతుంది, గట్టిది ఆలస్యముగా తగులుతుంది. ఏది ఎప్పుడు నొక్కాలో తెలియడమే విద్య. ఎన్నుకోవడానికి ఎనిమిదిమంది యోధులు, వారిలో చున్ లీ అనే ఒక్కతే స్త్రీ. మూడింటిలో రెండు గెలిచినవాడిది ఆట. యంత్రముతో పోరాడవచ్చు, ప్రక్కవాడితోనూ పోరాడవచ్చు. ఈ రెండవదే దేశదేశాల పిల్లలను పట్టివేసింది. గెలిచినవాడు నిలబడి ఉంటాడు, ఓడినవాడు తప్పుకొంటాడు, తరువాతివాడు నాణెము వేస్తాడు. రెండు మూడు నిమిషాలకొక నాణెము. యజమానికి పంట, పిల్లలకు గోదా.

వరుస ఎలా తెలిసేదంటే, ఆడదలచినవాడు తన నాణెమును అద్దము క్రింది అంచున పెట్టేవాడు. ఆ నాణేల వరుసే వంతుల వరుస. చీటీ లేదు, కాపలావాడు లేడు. బజారులో చేతివాటము చూపే కుర్రవాడు కూడా ఆ నాణెము జోలికి పోయేవాడు కాదు. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, హిందీవారు, ముస్లిము పిల్లలు, 1994 తరువాత కొద్దికాలానికి పక్క బస్తీనుండి వచ్చిన జూలూ పిల్లలు, అందరి నాణేలూ ఆ అంచున ఒకదాని ప్రక్కన ఒకటి కూర్చునేవి. మా బడి గంట కొట్టి కూడా ఇంత చక్కని వరుసను నేను ఏనాడూ నిలబెట్టలేదు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. ఆనాడు నాకు ఆ యంత్రమంటే మంట. రొట్టెకిచ్చిన డబ్బు దాని నోట్లో పడేది. ఇంటిపని చేయని పిల్లలందరూ అక్కడే దొరికేవారు. సిగరెట్టు పొగ, బూతు మాటలు. వీటికితోడు ఆ ఆటలో భారతదేశము తరఫున ధల్‌సిమ్ అని ఒక యోగి. మెడలో పుర్రెలు, నోటిలోనుండి మంట, రబ్బరులాగ సాగే చేతులు, వెనుక ఏనుగుల బారు. మా పూర్వికుల దేశమంటే వీరికి ఇంతేనా అని నాకు కోపము వచ్చింది.

1993 చలికాలములో ఒక సాయంత్రము, మా అబ్బాయి ఇంటికి రాకపోతే, చేతిలో గరిటెతోనే బయలుదేరి టీ రూముకు పోయాను. వాడికి అప్పుడు పదకొండేళ్ళు. నేను గుమ్మములో కనబడగానే పిల్లలందరూ నోళ్ళు మూసుకొని దారి ఇచ్చారు. వారిలో సగముమంది నా విద్యార్థులే. మా వాడు మాత్రము నన్ను చూడలేదు. వాడు ఆటలో ఉన్నాడు. వాడి భుజానికి భుజము తగిలించి ఆడుతున్న కుర్రవాడు నా తరగతివాడే. వెనుక బెంచీవాడు. రెండేళ్ళలో వాడి నోట నేను పది మాటలు విన్నానో లేదో. లేపి అడిగితే నేల చూసేవాడు.

ఆ వెనుక బెంచీ కుర్రవాడు ఎవరూ ఎన్నుకోని ఆ ధల్‌సిమ్‌ను ఎన్నుకొన్నాడు. ధల్‌సిమ్ నిదానమైనవాడు, తొందరపడేవాడి చేతిలో వెంటనే ఓడిపోతాడు. ఓపిక ఉన్నవాడి చేతిలో మాత్రము ఆ పొడుగు చేతులతో శత్రువును దగ్గరకే రానివ్వడు. మా వాడు ఓడిపోయాడు. ఓడినవాడిని ఎగతాళి చేస్తాడనుకొన్నాను. ఆ కుర్రవాడు మా వాడి మణికట్టు పట్టుకొని, “క్రిందికి, అక్కడినుండి ముందుకు చుట్టు. పిడిని కొట్టకు, త్రిప్పు. చేయి ఆగిన క్షణములో మీట నొక్కు” అని చూపించాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగవసారి మా వాడికి పట్టు చిక్కింది. చుట్టూ ఉన్న చిన్న పిల్లలు కూడా గాలిలో చేతులు త్రిప్పుతూ నేర్చుకొంటున్నారు. నేను శిక్షణ కళాశాలలో చదివిన పాఠము చెప్పే పద్ధతి అంతా అక్కడ ఉంది. చేసి చూపు, చేయించు, తప్పు దిద్దు, మళ్ళీ చేయించు.

నేను చూశాను. చూసి కూడా ఒక్క మాట అనలేదు. మా వాడి చెవి పట్టుకొని ఇంటికి తెచ్చాను. మరునాడు తరగతిలో ఆ కుర్రవాడిని లేపి, “నీకు పాఠము చెప్పడము వచ్చురా, ఇటు వచ్చి ఈ లెక్క వీళ్ళకు చెప్పు” అనవలసింది. అనలేదు. మరుసటి యేడు వాడు చదువు మానేశాడు.

ఆ డిసెంబరులో నేను తెలివైన పని అనుకొని ఒకటి చేశాను. మా వాడు టీ రూముకు పోకుండా ఉండాలని, టెలివిజనుకు తగిలించి ఆడుకొనే మెగా డ్రైవ్ యంత్రమును, స్ట్రీట్ ఫైటర్ ఆటతో సహా, కొని ఇచ్చాను. సెగా కంపెనీది. అప్పటి నా జీతానికి అది పెద్ద ఖర్చే. ఆ ఆట ఇంటి యంత్రానికి వచ్చింది ఆ యేడే. దాని పిడికి మూడే మీటలు. గుద్దులు ఒకసారి, తన్నులు ఒకసారి, రెండింటినీ మార్చుకోవడానికి ఇంకొక మీట. ఆరు మీటల పిడి కావాలంటే వేరుగా కొనుక్కోవాలి. బొమ్మలు కొంచెము వెలిసినట్టు, చప్పుడు కొంచెము గొంతు పట్టినట్టు ఉండేది. అయినా నాణెము అక్కరలేదు. మొదటి నెల మా ఇంటి తివాచీ మీద ఎనిమిదిమంది పిల్లలు. నేను మురిసిపోయి వడలు వేశాను. రెండవ యేడు ముగ్గురు. అప్పటికి ఎవరి ఇంటిలో వారికి యంత్రము వచ్చింది. ఆ తరువాత మా వాడు ఒక్కడే, తలుపు వేసుకొని.

ఇక్కడ న్యాయము కూడా చెప్పాలి. గడిచిపోయినదంతా బంగారమని ఏడ్చేవారిలో చేరడము నాకు ఇష్టము లేదు. ఆ టీ రూములో ఒక్క ఆడపిల్ల కూడా ఆ పిడి పట్టుకోవడము నేను చూడలేదు. మా అమ్మాయి పట్టుకొన్నది ఇంట్లోనే. చున్ లీని ఎన్నుకొని అన్నను వరుసగా ఓడించింది. టీ రూము మాత్రమే ఉంటే ఆ పిల్లకు ఆ విద్య ఉన్నదని ఎవరికీ తెలిసేది కాదు. డబ్బు లేని పిల్లవాడు అక్కడ చూస్తూ నిలబడవలసిందే. బలవంతుడు దబాయిస్తే చిన్నవాడు తగ్గవలసిందే. ఇంటిలో ఒకే ఎత్తును వందసార్లు అభ్యాసము చేయవచ్చు, నాణెము గురించి గుండె దడ లేదు. తరువాత దొంగల భయము వచ్చి టీ రూముకు ఇనుప కటకటాలు పెట్టారు, వాటి సందులోనుండి రొట్టె అందించారు. ఆ యంత్రము ఎప్పుడో పోయింది. మా వీధిలోనే కాదు, ఆ ఆటలకు పుట్టినిల్లయిన జపానులోనే అనేక ఆటశాలలు మూతబడ్డాయి. ఒకప్పుడు వాటికి పెద్ద పేరైన సెగా కంపెనీ 2022 నాటికి ఆ వ్యాపారమునుండి పూర్తిగా తప్పుకొన్నది.

ఇప్పుడు నా మనుమడి సంగతి. మా అబ్బాయి న్యూజిలాండులో స్థిరపడ్డాడు. మనుమడికి పన్నెండేళ్ళు. శనివారము మాకు ప్రొద్దున, వారికి రాత్రి అవుతుంది. ఆ వేళకు వాడు నన్ను పిలిచి, “అవ్వా, ఆడుదామా?” అంటాడు. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6 మా ఇద్దరిదీ. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. నేను ఆడేది ధల్‌సిమ్‌తోనే.

సముద్రాలకు ఆవలనున్నవాడితో ఈ ఆట ఎలా కుదురుతుందో నాకు అబ్బాయి వివరించాడు. ఆట సెకనుకు అరవై బొమ్మలుగా నడుస్తుంది. మనుమడు మీట నొక్కిన సంగతి నా దగ్గరకు చేరేలోపల ఎన్నో బొమ్మలు గడిచిపోతాయి. అందుకని నా యంత్రము, వాడు ఇంతకుముందు చేస్తున్నదే ఇంకా చేస్తున్నాడని ఊహించుకొని ఆటను నడిపిస్తుంది. ఊహ తప్పని తెలిస్తే రెప్పపాటులో వెనక్కు వెళ్ళి దిద్దుకొంటుంది. టోనీ కానన్ అనే అమెరికను తయారుచేసిన ఈ పద్ధతివలననే దూరపు ఆటలు ఆడదగినవయ్యాయట. గొప్ప విద్యే. కాని నాకు ఒకటి తోచింది. టీ రూములో ప్రక్కవాడి భుజము బిగిసిందా, ఊపిరి ఆగిందా అన్నది మా వాడికి తగిలి తెలిసేది. ఇక్కడ యంత్రము నా మనుమడిని ఊహించుకొంటున్నది, నేనూ ఊహించుకొంటున్నాను.

ఒక శనివారము నేను గెలిచే స్థితి వచ్చింది. ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ఇంకొక్క దెబ్బ. తటాలున తెర ఖాళీ. కరెంటు పోయిందేమో, ఇది మనకు అలవాటే గదా అనుకొన్నాను. కాదు. మా మనుమడు ఓడిపోతానని తెలిసి ఆటను ఆపివేసి వెళ్ళిపోయాడు. తరువాత అబ్బాయి అన్నాడు, “అందరూ అంతేనమ్మా, ఓడిపోయేముందు మాయమైపోతారు. అలా చేసేవారికి శిక్షలు కూడా పెట్టారు, అయినా మానరు.”

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని మన సామెత. ఆ రోజు ఇంట్లో కూర్చొని గెలిచి నేను ఏడ్చాను. ఓడినందుకు కాదు వాడి మీద నాకు బెంగ. నలుగురిలో ఓడే అవకాశము వాడికి లేకపోయిందే అని. టీ రూములో ఓడినవాడు మాయము కావడానికి వీలులేదు. పిడి వదలాలి, తప్పుకోవాలి, తరువాతివాడికి చోటు ఇవ్వాలి, మళ్ళీ ఆడాలంటే వరుస చివర నాణెము పెట్టి నిలబడాలి. నిలబడినంతసేపూ గెలిచినవాడి చేతులు చూసి నేర్చుకోవాలి. ఆ నిలబడడమే అక్కడి చదువు. తిన్న ఆ కొన్ని సెంట్లకు యంత్రము ఆ చదువు చెప్పింది. నేను వేల ర్యాండ్లు పెట్టి యంత్రమును ఇంటికి తెచ్చాను, ఆ చదువును గుమ్మము బయటే వదిలివచ్చాను.

అబ్బాయి నాకు ఒక పాత పోటీ దృశ్యము చూపించాడు. 2004లో కాలిఫోర్నియాలో జరిగింది. జపాను ఆటగాడు దైగో ఉమెహారా, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్. దైగో బొమ్మకు ప్రాణము వెంట్రుకవాసి మిగిలింది. వాంగ్ పదిహేను దెబ్బల వరుస విసిరాడు. దైగో పదిహేనింటినీ ఒక్కొక్కటిగా కాచుకొని, తిరిగి కొట్టి గెలిచాడు. ప్రపంచమంతా ఈనాటికీ దానిని చెప్పుకొంటారట. నేను చూసినప్పుడు నాకు వినబడినది ఆట చప్పుడు కాదు, వెనుక నిలబడ్డ జనము కేక. ఆ కేక తీసివేస్తే అది రెండు బొమ్మల కదలిక. ఇంకొక సంగతి. ఆ రోజు చివరి పోటీలో దైగో ఓడిపోయాడు. ఆ కేకలు వేసిన జనము ఎదుటనే ఓడి నిలబడ్డాడు. ఆ ఓటమివల్ల అతని పేరు తగ్గలేదు.

తయారుచేసినవారికి కూడా ఈ లోటు తెలిసినట్లే ఉంది. ఆ కొత్త ఆటలో ఒక పెద్ద శాల బొమ్మ ఉన్నది. అందులో పాతకాలపు నిలువు యంత్రాల బొమ్మలు. మన బొమ్మ నడుచుకొంటూ పోయి అక్కడ కూర్చుంటే ఎదురుగా ఇంకొకరి బొమ్మ వచ్చి కూర్చుంటుంది. అది చూసి మా అబ్బాయి, “అమ్మా, ఇది మన టీ రూము” అన్నాడు. అన్నాడే గాని గొంతు ఏదోగా ఉంది. వాడి చెవి పట్టుకొని తెచ్చినది నేనే గదా.

పెద్దలారా, ఇదంతా మన సంఘములో ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసినప్పుడు మన సాయంత్రపు బడి ఫోన్లలోకి వెళ్ళింది. ఆనాడు అది లేకపోతే బడే లేదు. కాని తలుపులు తెరిచాక కూడా బడి ఫోన్లలోనే ఉండిపోయింది. బస్సు ఖర్చు లేదు, రాత్రిపూట భయము లేదు, జోహన్నెస్‌బర్గ్ పిల్లలు కూడా చేరుతున్నారు. ఇవి చిన్న లాభాలు కావు, నేను కాదనను. కాని నేను “చదువమ్మా” అనగానే ఏమి జరుగుతున్నదో తెలుసునా? రాని పిల్ల తెర చీకటి చేసుకొంటున్నది. నా మనుమడి పద్ధతే. నేను చిన్నప్పుడు “కళ్ళు” అనవలసినచోట “కల్లు” అని చదివితే బల్ల మీద ఉన్న పదిమందీ పొట్ట పట్టుకొని నవ్వారు. ఏడుపు వచ్చింది. వెళ్ళిపోవడానికి మీట లేదు. మళ్ళీ చదివాను. అరవై దాటినా ఆ “ళ్ళ” నా నాలుక మీద చెక్కుచెదరలేదు.

అందుచేత నా కోరిక చిన్నది. ఫోను బడి సాగనివ్వండి. వారానికి ఒక్క సాయంత్రము మాత్రము ఈ హాలు తలుపు తెరవండి. పిల్లలను ఒకరి ప్రక్కన ఒకరిని కూర్చోబెట్టండి. ఒకరి తప్పు ఒకరు విననివ్వండి. వెనుక బెంచీవాడికి ఏదో ఒక విద్య వచ్చి ఉంటుంది, అది ఎక్కడ బయటపడుతుందో చూడండి. చూసినప్పుడు, నాలాగ నోరు మూసుకొని ఇంటికి పోకండి.

ఆ కుర్రవాడిని నేను కొన్నేళ్ళ క్రిందట ఒక పెండ్లిలో చూశాను. తల నెరిసింది. లిఫ్టులు బాగుచేసే పని, తన చేతి క్రింద కుర్రవాళ్ళకు పని నేర్పుతాడట. నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చి, “మేడమ్, ఆ రోజు టీ రూములో మీరు చాలాసేపు చూశారు. ఏదో అంటారనుకొన్నాను” అన్నాడు. ముప్పై యేళ్ళు గడిచినా వాడికి జ్ఞాపకమున్నది. అనవలసిన మాట అప్పుడు చెప్పాను. వాడు మళ్ళీ నేల చూశాడు, కాని నవ్వుతూ చూశాడు.

చివరగా ఒక ప్రకటన. యువజన విభాగమువారు నా పోరు పడలేక ప్రక్క గదిలో ఒక తెర, రెండు పిడులు పెట్టారు. గెలిచినవారు నిలబడవలెను, ఓడినవారు తప్పుకొని వరుస చివరకు పోవలెను, మధ్యలో ఆపి పారిపోరాదు. ఆడపిల్లలకు, అవ్వలకు, తాతలకు ప్రవేశము ఉన్నది. తెర క్రింది అంచున మొదటి నాణెము నేను పెట్టి వచ్చాను. 50 సెంట్లది. దాని ప్రక్కన మీది పెట్టండి.